నెట్ పోతే మోటార్ ఏమవుతుంది?

ఇంజినీరింగ్ ఫైనలియర్ విద్యార్థుల రెజ్యుమెలు కొన్నేళ్లుగా చూస్తున్నాను. ప్రాజెక్టుల కింద ఏదో ఒక ‘స్మార్ట్’ తప్పకుండా ఉంటుంది. స్మార్ట్ ఇరిగేషన్, స్మార్ట్ డస్ట్‌బిన్, స్మార్ట్ హోమ్. ఆ పేరు కనిపించగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ‘మోటార్ నడుస్తుండగా నెట్ పోయింది. అప్పుడేమవుతుంది?’

ఎక్కువమంది కాసేపు ఆలోచించి, ‘నెట్ వచ్చాక మళ్లీ పనిచేస్తుంది సర్’ అంటారు. నెట్ వచ్చేదాకా మోటార్ ఆగిపోతుందా, తిరుగుతూనే ఉంటుందా అంటే జవాబు ఉండదు. ఒకసారి ఓ అబ్బాయి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ‘సర్, అది మా బ్యాచ్ అంతా డబ్బులేసుకుని కొన్న ప్రాజెక్టు. రివ్యూ రోజున పనిచేసింది. తర్వాత అట్టపెట్టెలో పెట్టేశాం’ అన్నాడు. అతని నిజాయతీ నచ్చింది గానీ ఉద్యోగం ఇవ్వలేకపోయాం. నాకు బాధనిపించింది. ఎందుకంటే ఆ అబ్బాయికి జావాస్క్రిప్ట్ బాగానే వచ్చు. సొంతంగా చేసిన వెబ్ పేజీ చూపించాడు, శుభ్రంగా రాశాడు. పెట్టెలో పడేసిన ఆ బోర్డును తనే నడపడానికి కావాల్సిన భాష అతనికి వచ్చు. దాంతో బోర్డును కూడా నడపొచ్చని అతనికి ఎవరూ చెప్పలేదంతే.

మీరూ అలాంటి వాళ్లే అయితే ఇది మీ కోసమే. జావాస్క్రిప్ట్ ఓ మాదిరిగా వస్తే చాలు. కొన్ని వందల రూపాయలకు దొరికే బోర్డు ఒకటి తీసుకుని, దానికి ఒక చిన్న పని అప్పజెప్పి, నెల రోజులపాటు నడపండి. ఆ నెలలో అది ఎన్నిసార్లు మొరాయించిందో, ఎందుకు మొరాయించిందో, మీరేం చేశారో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అది ఐదు సర్టిఫికెట్ల కంటే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

బ్రౌజర్ భాషకు బోర్డుతో పనేమిటి?

జావాస్క్రిప్ట్ 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది. బ్రెండన్ ఐక్ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశారు. అప్పట్లో దాని పని వెబ్ పేజీలకే పరిమితం. 2009లో ర్యాన్ డాల్ నోడ్ జేఎస్‌ను తీసుకురావడంతో అది బ్రౌజర్ గడప దాటి సర్వర్లలోకి వెళ్లింది. అక్కడి నుంచి కంప్యూటర్ సీరియల్ పోర్టుకు చేరింది. ఆ పోర్టుకు ఆర్డుయినో తగిలిస్తే జావాస్క్రిప్ట్‌తోనే దాన్ని ఆడించొచ్చు. 2012లో రిక్ వాల్డ్రన్ మొదలుపెట్టిన ‘జానీ-ఫైవ్’ లైబ్రరీ ఈ పనిని బాగా తేలిక చేసింది. ఎల్ఈడీని అర సెకనుకోసారి వెలిగించి ఆర్పడానికి ఐదారు లైన్లు రాస్తే చాలు.

ఈ భాష నడిచే తీరు కూడా బోర్డు పనికి చక్కగా కుదురుతుంది. వెబ్ పేజీలో మీరేం రాస్తారు? బటన్ నొక్కితే ఇది చెయ్, సర్వర్ నుంచి జవాబు వస్తే అది చెయ్, ప్రతి 5 సెకన్లకోసారి ఒకటి చూసుకో అని చెప్పి వదిలేస్తారు. బోర్డుకు చెప్పేదీ అదే. పిన్ మీద వోల్టేజీ మారితే ఇది చెయ్, నెట్ నుంచి కబురు వస్తే అది చెయ్, నిమిషానికోసారి సెన్సర్ చదువు. కాల్‌బ్యాక్, టైమర్, ప్రామిస్ అనే మాటలు మీకు అర్థమైతే ఇక్కడ సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఆ కోడ్ ఎక్కడ కూర్చుని నడుస్తోందో తెలుసుకోవడం. నా ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

బొమ్మ ఎవరు, ఆడించేది ఎవరు?

జావాస్క్రిప్ట్‌తో బోర్డును నడపడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. చాలామంది ఈ మూడింటినీ ఒకటే అనుకుంటారు.

మొదటి దారి జానీ-ఫైవ్‌ది. ఆర్డుయినో ఊనోలో ఉండే ర్యామ్ 2 కేబీ. మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ఉందనుకుంటే అది దీనికి 40 లక్షల రెట్ల పైమాటే. అంత ఇరుకులో జానీ-ఫైవ్ లాంటి ప్రోగ్రాం పట్టదు. అందుకని బోర్డులో ‘ఫర్మాటా’ అనే చిన్న ప్రోగ్రాం ఉంచుతారు. అసలు జావాస్క్రిప్ట్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తూ, ‘13వ పిన్ ఆన్ చెయ్’, ‘ఫలానా సెన్సర్ విలువ పంపు’ అని ఆజ్ఞలిస్తుంది. అచ్చం తోలుబొమ్మలాటే. తెర వెనక మనిషి పుల్లలు కదిపితేనే బొమ్మ ఆడుతుంది.

ఇప్పుడు ఓ ప్రయోగం చేయండి. బోర్డుకు విడిగా కరెంటు ఇచ్చి, ఎల్ఈడీ వెలిగించి, ల్యాప్‌టాప్‌కు కలిపిన వైరు పీకేయండి. ఎల్ఈడీ ఆరదు. బోర్డుకు తెలిసింది చివరి ఆజ్ఞ ఒక్కటే, అది ‘ఆన్’. ఎల్ఈడీ స్థానంలో మోటార్ ఉంటే ట్యాంకు నిండి నీళ్లు మేడ మీద నుంచి కారుతున్నా అది తిరుగుతూనే ఉంటుంది. నా ప్రశ్నలోని ప్రమాదం ఇదే.

రెండో దారిలో జావాస్క్రిప్ట్ నేరుగా బోర్డులోని చిప్ మీదే నడుస్తుంది. గోర్డన్ విలియమ్స్ 2013లో ప్రజల ముందుకు తెచ్చిన ‘ఎస్ప్రుయినో’ ఇలాంటిదే. శామ్‌సంగ్ 2015లో ఓపెన్ సోర్స్ చేసిన ‘జెర్రీస్క్రిప్ట్’ 64 కేబీ కంటే తక్కువ ర్యామ్‌తో పనిచేసేలా తయారైంది. మనకు మార్కెట్లో తేలిగ్గా దొరికే ఈఎస్‌పీ32 చిప్‌లో 520 కేబీ ర్యామ్, వైఫై, బ్లూటూత్ ఉంటాయి. ఎస్ప్రుయినో దీనిమీదా నడుస్తుంది. చిన్న పరికరాల్లో జావాస్క్రిప్ట్ సెన్సర్లతో, పిన్‌లతో ఎలా వ్యవహరించాలో చెబుతూ 2021లో ‘ఎక్మా-419’ అనే ప్రమాణం కూడా వచ్చింది. ఈ దారిలో ల్యాప్‌టాప్ పక్కన లేకపోయినా బోర్డు తన నిర్ణయం తాను తీసుకోగలదు.

మూడో దారి ఇంటర్నెట్ మీదుగా. మీ కోడ్ ఒకచోట, బోర్డు మరోచోట, మధ్యలో ఒక సర్వర్. ఇందులో ఎక్కువగా వినిపించే పేరు ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిపర్ దీన్ని తయారుచేశారు. చమురు పైపులైన్ల సమాచారాన్ని ఉపగ్రహ లింకుల మీదుగా తక్కువ ఖర్చుతో పంపడం అప్పటి అవసరం. లింకు ఎప్పుడు తెగుతుందో తెలియదన్న సంగతిని దృష్టిలో పెట్టుకునే దాన్ని రూపొందించారు. అందుకే అందులో ‘లాస్ట్ విల్’ అనే ఏర్పాటు ఉంది. పేరుకు తగ్గట్టే అది వీలునామా. బోర్డు సర్వర్‌కు కలిసేటప్పుడే ‘నేను చెప్పకుండా మాయమైతే ఈ కబురు అందరికీ చెప్పు’ అని ఒక సందేశం అప్పగిస్తుంది. లింకు తెగితే సర్వర్ ఆ సందేశాన్ని అందరికీ పంపుతుంది. మీ ఫోన్‌లో ‘బోర్డు అందుబాటులో లేదు’ అని కనిపిస్తుంది.

అయితే వీలునామా చేరేది బతికున్నవాళ్లకు. అంటే బోర్డుతో సంబంధం తెగిందని మీకు తెలుస్తుంది, మోటార్ మాత్రం ఆగదు. దాన్ని ఆపాల్సింది బోర్డే.

సెల్ స్టార్టర్ చెప్పే పాఠం

దీనికోసం పెద్ద పుస్తకాలు తిరగేయక్కర్లేదు. మీ ఊళ్లో బోరు మోటార్‌కు సిమ్ కార్డు వేసిన స్టార్టర్ పెట్టుకున్న రైతు ఉంటే వెళ్లి అడగండి. ఆయన ఇంటి దగ్గర నుంచే ఫోన్ చేసి మోటార్ ఆన్ చేస్తాడు. మరి ఫేజు పోతే? బోరులో నీళ్లు తగ్గి మోటార్ ఉత్తగా తిరుగుతుంటే? ఆ సమయంలో సిగ్నల్ లేకపోతే? మంచి స్టార్టర్ అయితే ఫోన్ కోసం చూడదు, తనంతట తానే మోటార్‌ను ఆపేస్తుంది. దూరం నుంచి వచ్చేది ఆజ్ఞ మాత్రమే, ప్రమాదం తప్పించే బాధ్యత మోటార్ పక్కనున్న పెట్టెది. కాలిపోయిన మోటార్ రీవైండింగ్‌కు ఎంతవుతుందో ఆ రైతుకు తెలుసు. అందుకే ఈ సూత్రం ఆయనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ సూత్రాన్నే మీరు కోడ్‌లో రాయాలి. మోటార్ ఆన్ చేసే ఫంక్షన్‌లోనే ఒక టైమర్ పెట్టండి. ఎవరు చెప్పినా చెప్పకపోయినా 10 నిమిషాలకు ఆఫ్. సర్వర్ నుంచి 30 సెకన్లపాటు ఏ కబురూ రాకపోతే ఆఫ్. కరెంటు పోయి వచ్చి బోర్డు మళ్లీ మొదలైతే, పాత స్థితి ఏదైనా సరే, మొదట ఆఫ్. ఈ మూడు నియమాలూ బోర్డులోనే ఉండాలి. జావాస్క్రిప్ట్‌లో ఇవన్నీ కలిపి 20 లైన్లు దాటవు. కానీ కొని తెచ్చిన ప్రాజెక్టుల్లో నాకు ఎక్కువగా కనిపించనివి ఈ 20 లైన్లే.

‘సీ రాకుండా ఎంబెడెడ్ ఏమిటి?’

ఈ మాట మీ సీనియర్లు అంటారు. అందులో నిజముంది, దాచను. ఫర్మ్‌వేర్ ఉద్యోగాలకు సీ, సీ ప్లస్ ప్లస్ అడుగుతారు. జావాస్క్రిప్ట్ ఒక్కటే నేర్చుకుని వెళితే అక్కడ తలుపు తెరుచుకోదు. దానికి కారణాలూ ఉన్నాయి.

డీహెచ్‌టీ22 అనే ఉష్ణోగ్రత, తేమ సెన్సర్ మీకు తెలిసే ఉంటుంది. అది తన సమాచారాన్ని చిన్న పల్స్‌లుగా పంపుతుంది. పల్స్ 26 నుంచి 28 మైక్రోసెకన్లు ఉంటే సున్నా, 70 మైక్రోసెకన్లు ఉంటే ఒకటి. అంటే సెకనులో పది లక్షల వంతులను లెక్కపెట్టాలి. ల్యాప్‌టాప్‌లో కూర్చుని యూఎస్‌బీ వైరు గుండా ఆ లెక్క తీసే పని జానీ-ఫైవ్ వల్ల కాదు. అందుకే ఆ సెన్సర్‌ను చదవడానికి అది మధ్యలో మరో చిన్న చిప్ పెట్టుకోమంటుంది. చిప్‌లోనే నడిచే జావాస్క్రిప్ట్‌కైనా చెత్త మెమరీని ఊడ్చుకోవడానికి అప్పుడప్పుడు ఆగాల్సి వస్తుంది. ఆ విరామం ట్యాంకు నీటిమట్టం చూసే పనికి లెక్కలోది కాదు. కారు బ్రేకుకు మాత్రం ప్రాణాంతకం.

అయినా జావాస్క్రిప్ట్‌తోనే మొదలుపెట్టమని ఎందుకంటున్నాను? మీకు ఇప్పటికే వచ్చిన భాష కాబట్టి. కొత్త భాష, కొత్త బోర్డు, కొత్త సర్క్యూట్ మూడూ ఒకేసారి నెత్తికెత్తుకుంటే రెండు వారాల్లో వదిలేస్తారు. తెలిసిన భాషతో వెళితే తప్పు ఎక్కడుందో వెతకడానికి కాస్త వీలుంటుంది. పైగా ఒక పరికరం చుట్టూ ఫర్మ్‌వేర్ ఒక్కటే ఉండదు. దాని డేటా తీసుకునే సర్వర్, చూపించే డాష్‌బోర్డు, ఫోన్ యాప్, పరికరాన్ని పదే పదే పరీక్షించే స్క్రిప్టులు ఉంటాయి. ఈ పనులకు జావాస్క్రిప్ట్ బాగా పనికొస్తుంది. అక్కడ కూర్చునే మనిషికి ‘బోర్డు ఎప్పుడు మాట వినదు’ అన్నది అనుభవంలో తెలిసి ఉంటే ఆ టీమ్ మొత్తానికి సుఖం.

ఇంకో మాట. జావాస్క్రిప్ట్‌లో పని పూర్తయ్యాక అదే పనిని సీలో మళ్లీ రాయండి. మెమరీ ఎంత తగ్గింది, ఏది కష్టమైంది అని ఒక పేజీ రాసుకోండి. సీనియర్ల అభ్యంతరానికి జవాబు ఆ పేజీలోనే దొరుకుతుంది. ఫర్మ్‌వేర్ వైపు వెళ్లాలనుకుంటే మీకు తొలి మెట్టు కూడా అదే.

తాళంచెవి గుమ్మానికి వేలాడదీయకండి

నెట్‌కు కలిసిన బోర్డు మీ మాటే కాదు, దారినపోయే వాళ్ల మాటా వినగలదు. 2016లో ‘మిరాయ్’ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్‌కు కలిసిన కెమెరాలు, రౌటర్లలోకి చొరబడింది. అందుకు గొప్ప తెలివితేటలేమీ వాడలేదు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు సుమారు 60 దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ ప్రయత్నించింది. అలా చేతికొచ్చిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే కంపెనీ మీద దాడి జరిగింది. అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల తరబడి చాలామందికి అందలేదు.

మన ప్రాజెక్టును ఎవరు పట్టించుకుంటారులే అనుకోవద్దు. నేను చూసిన విద్యార్థి ప్రాజెక్టుల్లో రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి, వైఫై పాస్‌వర్డ్, సర్వర్ టోకెన్ కోడ్‌లోనే రాసి, ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టడం. రెండు, ఉచితంగా దొరికే పబ్లిక్ ఎంక్యూటీటీ సర్వర్ వాడుతూ టాపిక్ పేరు ‘హోమ్ మోటార్’ అని పెట్టడం. ఆ పేరు ఊహించిన ఎవరైనా మీ మోటార్ ఆన్ చేయొచ్చు. పాస్‌వర్డ్‌లను వేరే ఫైల్‌లో ఉంచి దాన్ని గిట్‌లోకి వెళ్లకుండా చూసుకోండి. పాస్‌వర్డ్ ఉన్న సర్వర్‌నే వాడండి, సందేశాలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లేలా 8883 పోర్టు వాడండి. ఈ జాగ్రత్తలు తీసుకున్నానని చెప్పే అభ్యర్థి మీద నాకు వెంటనే గురి కుదురుతుంది.

నెల రోజుల పని ఇదీ

పెద్ద ఆలోచనలు వద్దు. రెండు బకెట్లు, 5 వోల్టుల చిన్న పంపు ఒకటి, ఫ్లోట్ స్విచ్ ఒకటి, ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి, పంపును ఆన్-ఆఫ్ చేయడానికి రిలే మాడ్యూల్ ఒకటి తీసుకోండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. మిగతా ఊళ్ల వాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. పై బకెట్‌లో నీళ్లు తగ్గితే పంపు ఆన్, నిండితే ఆఫ్. ఫోన్ నుంచి కూడా ఆన్-ఆఫ్ చేయగలగాలి. పని అంతే. 230 వోల్టుల జోలికి మాత్రం వెళ్లకండి. అది ఎలక్ట్రీషియన్ పక్కనుంటేనే చేయాల్సిన పని, మీ ప్రాజెక్టుకు దాని అవసరం లేదు.

ఇప్పుడే కొనే వీలు లేకపోతే ‘వోక్వి’ అనే సిమ్యులేటర్‌లో ఈఎస్‌పీ32ను బ్రౌజర్‌లోనే నడిపి చూడొచ్చు. బోర్డు వైపు ఆర్డుయినో ప్రోగ్రాం, నియంత్రించే వైపు మీ నోడ్ జేఎస్. మెళకువలు తెలుస్తాయి. కానీ సిమ్యులేటర్‌లో నీళ్లు కారవు, కరెంటు పోదు. వీలైనంత త్వరగా నిజం బోర్డుకు రండి.

మొదటి వారంలోనే ఇబ్బందులు మొదలవుతాయి. హాస్టల్ వైఫై లాగిన్ పేజీ అడుగుతుంది, బోర్డు దగ్గర ఆ పేజీ తెరవడానికి బ్రౌజర్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెడతారు, అది 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే ఈఎస్‌పీ32కు కనిపించదు, 2.4కు మార్చాలి. పంపు మొదలవగానే బోర్డు రీసెట్ అవుతుంది, రెండింటికీ ఒకే సన్నని సరఫరా ఇచ్చారు కాబట్టి. రిలే మాడ్యూల్ తిరగబడి పనిచేస్తుంది, మీరు ఆఫ్ అంటే అది ఆన్. తేమ సెన్సర్ కూడా కలిపితే వైఫై ఆన్ అయిన వెంటనే కొన్ని పిన్‌ల మీద విలువలు రావు. ఆ చిప్‌లో రెండో ఏడీసీ వైఫైతో కలిసి పనిచేయదు, మొదటి ఏడీసీ పిన్‌లకు మార్చుకోవాలి.

ఒక నోట్‌బుక్ పెట్టి ఇవన్నీ తేదీ వేసి రాసుకోండి. ఏం జరిగింది, ఏమనుకున్నారు, అసలు కారణం ఏమిటి, ఏం మార్చారు. వారానికోసారి కావాలనే చెడగొట్టండి. హాట్‌స్పాట్ ఆపేయండి, కరెంటు పీకండి, ఫ్లోట్ వైరు తీసేయండి. ప్రతిసారీ పంపు ఆగిందా లేదా రాయండి. నెల తిరిగేసరికి మీ దగ్గర పది, పదిహేను పేజీలుంటాయి. అవి ఏ సెంటర్‌లోనూ అమ్మరు.

ఇక ఇంటర్వ్యూలో ఎవరైనా ‘నెట్ పోతే మోటార్ ఏమవుతుంది?’ అని అడిగారనుకోండి. ‘సర్, మొదటి వారం ఆగలేదు. గదంతా తడిసింది. ఆ రాత్రి ఈ మార్పు చేశాను’ అని మొదలుపెట్టండి. ఎదుటివాళ్లు పెన్ను పక్కన పెట్టి వింటారు.

బోర్డు కొనడానికి డబ్బుల్లేవంటారా? మీ సీనియర్ల ప్రాజెక్టు అట్టపెట్టె ఏదో ఒకటి హాస్టల్ గదిలోనో, ల్యాబ్ బీరువా మీదో దుమ్ము పట్టి ఉంటుంది. అందులో బోర్డు చెడిపోయి ఉండకపోవచ్చు, రివ్యూ అయిపోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదంతే. అడిగి తీసుకుని, ఈ ఆదివారమే ఆ పెట్టె తెరవండి.